నాలుగున్నర రోజుల ఓడ వెనకాల

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942 నవంబరులో అమెరికాలో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ షిప్‌యార్డులో 'రాబర్ట్ ఇ. పియరీ' అనే సరుకు ఓడను 4 రోజుల 15 గంటల్లో కట్టి నీళ్లలోకి దింపారు. అందులో ప్రచారం పాలు ఎక్కువే. భాగాలు ముందే తయారుచేసి పెట్టుకుని, ఆ తర్వాతే గడియారం చూడటం మొదలుపెట్టారు. ఈ రికార్డు సంగతి వదిలేసినా, 1941-45 మధ్య అమెరికా కట్టిన ఇలాంటి 'లిబర్టీ' రకం సరుకు ఓడలు 2,710. మొదటిదానికి 8 నెలలు పట్టింది. తర్వాత సగటున ఒక్కో ఓడ ఆరేడు వారాల్లోనే తయారైంది.

జర్మన్ సబ్‌మెరైన్లు సరుకు ఓడల్ని వరసగా ముంచేస్తుంటే, మునిగినవాటికన్నా వేగంగా కట్టడమొక్కటే దారి. మరి ఓడలు కట్టడం తెలిసినవాళ్లేరీ? రిచ్‌మండ్ యార్డుల యజమాని హెన్రీ కైజరే అంతకుముందు ఆనకట్టల కాంట్రాక్టరు. అందుకే పనినే కొత్తవాళ్లకు తగ్గట్టు మార్చేశారు. ఇనుప పలకల్ని కలపడానికి కొట్టే రివెట్ల స్థానంలో ఎక్కువగా వెల్డింగ్ వచ్చింది. తల పైకెత్తి వెల్డింగ్ చేయడం కష్టం, కరిగిన లోహం మీద పడుతుంది. అందుకని ఓడ పైభాగాలను నేలమీదే బోర్లించి కట్టి, తర్వాత క్రేన్‌తో తిప్పి బిగించేవారు. తల వంచుకుని చేసే ఆ వెల్డింగ్‌ను కొద్ది వారాల్లో నేర్చుకోవచ్చు.

అలా నేర్చుకున్నవాళ్లలో ఆడవాళ్లున్నారు. టెక్సాస్, లూజియానా, ఆర్కన్సా నుంచి వలసొచ్చిన నల్లజాతివాళ్లున్నారు. సుమారు 23,000 మంది ఉండే రిచ్‌మండ్ జనాభా లక్షకు చేరింది. ఇళ్లు చాలక ఒకే మంచాన్ని షిఫ్టులవారీగా పంచుకున్నారు.

ఓడకు అందరి చేతులూ కావాలి, యూనియన్‌కు మాత్రం అక్కర్లేదు. యూనియన్‌లో లేకపోతే పని లేదు. అయినా వెల్డర్లు ఉండే బాయిలర్‌మేకర్స్ యూనియన్ నల్లవాళ్లను అసలు సంఘంలో చేర్చుకోకుండా విడిగా 'అనుబంధ శాఖలు' పెట్టింది. చందా కట్టాలి, ఓటు ఉండదు, బీమా కూడా తక్కువే. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనే సాసలిటోలోని మారిన్‌షిప్ యార్డులో జోసెఫ్ జేమ్స్, ఆయన తోటివాళ్లు ఆ చందా కట్టం అన్నారు. 1943 చివర్లో వాళ్లను పనిలోంచి తీసేస్తే కోర్టుకెక్కారు.

1944 డిసెంబరు ఆఖర్న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే యుద్ధం ముగిసి ఓడల ఆర్డర్లు ఆగిపోయాయి. 1946లో మారిన్‌షిప్ మూతపడింది.