పూయడం మానేసిన తీగ

మనీప్లాంట్ ఆకు ఒకటి మా ఇంట్లో గాజు గ్లాసులో ఐదు నెలలు బతికింది. నిగనిగలాడుతున్న ఆకుని చూసి, తొడిమతో సహా తుంచి నీళ్ళలో పెట్టాను. వాడలేదు సరికదా, కొన్నాళ్ళకి తొడిమ కొసన నాలుగు వేర్లు కూడా దిగాయి. ఇంకేం, రేపో మాపో చిగురేస్తుందని రోజూ తొంగిచూడటమే పని. వేయలేదు. ఇంకో ఐదేళ్ళు చూసినా వేసేది కాదు.

ఎందుకంటే, ఈ మొక్కలో కొత్త తీగ పుట్టేది ఆకులోంచి కాదు, కణుపులోంచి. తీగకి ఆకు అతుక్కున్న చోట కాస్త ఉబ్బుగా ఉంటుంది, అదే కణుపు. ఆకు తొడిమకీ కాండానికీ మధ్య మూలలో ఒక చిన్న మొగ్గ నిద్రపోతుంటుంది. దాని పక్కనే గోధుమరంగులో బుడిపెలా కనిపించేది గాలి వేరు. అంటే వేరూ చిగురూ రెండూ అక్కడ ముందే సిద్ధంగా ఉన్నాయి. నేను తుంచిన ఆకుతో ఆ మొగ్గ రాలేదు.

తీగ కొసన ఉండే చిగురులో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి దిగుతూ ఉంటుంది. అది దిగుతున్నంత కాలం దారిలోని పక్క మొగ్గలు లేవవు. కత్తెర పడగానే రెండు చోట్లా కథ మారుతుంది. మన చేతిలోకి వచ్చిన ముక్కలో ఆక్సిన్‌కి ముందుకి దారి లేక కోత దగ్గర పోగుపడుతుంది, వేర్లు పుట్టడానికి అదే ప్రేరణ. కుండీలో మిగిలిన తీగకేమో పైనుంచి ఆక్సిన్ రావడం ఆగిపోతుంది, దాంతో కింది మొగ్గ మేలుకుంటుంది. కత్తిరిస్తే మొక్క పాడైపోతుందేమోనని టెన్షన్ పడేవాళ్ళు నిజానికి దాన్ని గుబురుగా పెరగనివ్వడం లేదన్నమాట.

కోత కణుపుకి ఒకటి రెండు సెంటీమీటర్ల కింద పెట్టాలి. ముక్కకి రెండు మూడు కణుపులుంటే మంచిది. అడుగు కణుపు దగ్గరి ఆకు తీసేయాలి, లేకపోతే నీళ్ళలో కుళ్ళుతుంది. అన్నట్టు, మనీప్లాంట్‌దీ కందదీ ఒకే కుటుంబం. కంద దురదకి కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులు దీనిలోనూ ఉంటాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గానీ, ఇక్కడ కత్తెర పట్టిన చేతికి దురద రావచ్చు, కడుక్కోవాలి. పసిపిల్లలూ పిల్లులూ కుక్కలూ ఆకు నమలకుండా చూసుకోవాలి.

ఇంతకీ విత్తనం వేయొచ్చుగా అంటే, విత్తనం ఎక్కడిది? ఇళ్ళలో పెరిగే మనీప్లాంట్ పూయదు. దీని సొంత ఊరు పసిఫిక్ సముద్రంలోని మోరియా దీవి. 1880లో పేరు పెట్టినప్పుడు పోథోస్ ప్రజాతిలో చేర్చారు. పువ్వు చూస్తే తప్ప మొక్క ఏ ప్రజాతిదో తేల్చడం కష్టం, అందుకే చాలాకాలం ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగి, 1960లలో ఎపిప్రెమ్నమ్‌లో స్థిరపడింది. పెంపకంలో ఉన్న మొక్క దానంతటది పూసినట్టు నమోదైన చివరి సందర్భం 1964. ఎందుకిలా అన్నదానికి 2016లో ఒక పరిశోధన జవాబు చెప్పింది: పూతకి కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోను తయారీలో పాలుపంచుకునే ఒక జన్యువు ఈ మొక్కలో దాదాపు మూగబోయింది. ఆ హార్మోనుని బయటినుంచి చల్లితే పూస్తుంది. చల్లేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, మీ కిటికీలో ఉన్నది ఒక ముక్కకి ముక్కకి ముక్క.

వేర్లు రెండు మూడు అంగుళాలు సాగగానే మట్టిలోకి మార్చేయడం మేలు. నీళ్ళలో పుట్టిన వేర్లు నీళ్ళకే అలవాటుపడి ఉంటాయి. ఆలస్యం చేసేకొద్దీ మట్టికి సర్దుకోవడానికి తంటాలు పడతాయి. మొదటి రెండు వారాలు మట్టి తడిగా ఉంచి, తర్వాత చెయ్యి బిగించాలి. ఈ మొక్కని చంపేది ఎక్కువగా మన ప్రేమే. వేరుకీ ఊపిరి కావాలి. ఆక్సిజన్ గాలిలో కదిలేదానికన్నా నీళ్ళలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే వేరు ఊపిరాడక కుళ్ళుతుంది, తర్వాత ఆకులు పసుపెక్కుతాయి, మనం దాహమేమోనని ఇంకో చెంబు పోస్తాం. వేలు అంగుళం లోతు దించి, పొడిగా తగిలితేనే పోయండి.

ఇంకో విషయం, కుండీలోంచి కిందికి వేలాడే తీగ ఎంత పొడుగు సాగినా దాని ఆకులు చిన్నవే. అది దాని బాల్యం. అడవిలో చెట్టుని పట్టుకుని పైకి పాకితే ఆకులు పెరిగి పెరిగి అరమీటరు దాటుతాయి, అంచులు చీలుతాయి, అదే మొక్కంటే నమ్మలేం. కొబ్బరిపీచు చుట్టిన కర్ర పాతితే ఇంట్లోనూ కొంత తేడా తెలుస్తుంది. నాది మూడడుగుల కర్ర చివరికి చేరింది, కొత్త ఆకు నా అరచేతిని దాటింది. చీలిక మాత్రం ఇంకా రాలేదు.