వీపీఎన్ పెడితే మెయిల్ వస్తుంది, అటాచ్‌మెంట్ రాదు

"ఇంటి నుంచి ఆఫీసు వీపీఎన్‌కి కనెక్ట్ అవుతాను. చాట్ నడుస్తుంది, మెయిల్ తెరుచుకుంటుంది, అటాచ్‌మెంట్ మాత్రం కదలదు. ఎందుకండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు. రౌటర్ ఆపి, పది లెక్కపెట్టి మళ్లీ వేశారట. ఈ తంతు మీద మన వాళ్లకి ఎంత నమ్మకమో! కానీ ఇక్కడ జబ్బు వేరు.

అమెరికా వెళ్లే పిల్లలకి ఆవకాయ కట్టిచ్చిన వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. చాలా విమానాల్లో పెట్టెకి 23 కిలోలు. సీసా, కవర్లు, టేపు, చివరికి సూట్‌కేసు బరువు కూడా అందులోనే, అంటే చుట్టేది పెరిగితే పచ్చడి తగ్గాలి. నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న చిన్న మూటలుగా వెళ్తుంది, ఈథర్‌నెట్ (మామూలు నెట్‌వర్క్ కేబుల్) దారిలో ఒక్కో ప్యాకెట్‌కి మామూలు పరిమితి 1500 బైట్లు. వీపీఎన్ అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుకి వేసే రహస్య దారి, దాన్నే టన్నెల్ అంటారు. అది చేసే పని మీ ప్యాకెట్‌ని చిరునామాతో సహా రహస్యలిపిలోకి మార్చి ఇంకో ప్యాకెట్‌లో పెట్టడం, ఆ పైచుట్టు కూడా 1500లోనే ఇమడాలి.

నాకు బాగా ఇష్టమైన వీపీఎన్ సాఫ్ట్‌వేర్ వైర్‌గార్డ్‌నే చూడండి, 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 5.6 కెర్నల్‌లో (దాని మూల భాగంలో) చేరింది. దాని సొంత హెడర్ (ప్యాకెట్ ముందు అంటించే వివరాల చీటీ) 16 బైట్లు, దారిలో ఎవరూ మార్చలేదని తేల్చే ట్యాగ్ ఇంకో 16, ప్యాకెట్‌ని మోసే యూడీపీ పద్ధతి చీటీ 8, బయటి చిరునామా రాసే ఐపీవీ6 (ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి) హెడర్ 40. మొత్తం 80. 1500లోంచి తీసేస్తే 1420, సెట్టింగుల్లో ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు) దగ్గర కనిపించే అంకె అదే! కాలేజీల్లో నెట్‌వర్క్ పొరల పేర్లు ఏడూ బట్టీ పట్టిస్తారు, ఈ ఒక్క తీసివేత బోర్డు మీద చేయిస్తే టన్నెల్ అంటే ఏమిటో పిల్లలకి జన్మలో మర్చిపోకుండా వస్తుంది.

ఇప్పుడు మీ ఇంటి కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి) అయితే అది 8 బైట్లు తినేస్తుంది, మిగిలేది 1492. బయటి దారి ఐపీవీ6 అయితే లోపల 1412కే చోటు, కంప్యూటరేమో 1420 నింపి పంపుతుంది. అలాంటప్పుడు దారిలోని రౌటర్ ఐసీఎంపీ (నెట్‌వర్క్‌లో తప్పులు తెలిపే కబుర్ల పద్ధతి) ద్వారా "పెద్దదైంది, తగ్గించి పంపు" అని వెనక్కి చెప్పాలి. భద్రత పేరుతో ఐసీఎంపీ మొత్తాన్నీ ఆపేసే ఫైర్‌వాల్స్ ఉన్నాయి, అవి చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పెట్టె కౌంటర్ దగ్గర ఆగిపోయింది, ఇంటికి కబురు లేదు, అమ్మ మళ్లీ అంతే బరువు కట్టి పంపుతోంది. డేటా చేరిందో లేదో చూసుకునే టీసీపీ కూడా జవాబు రాక అదే ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతుంది. చాట్ మాటలు చిన్నవి కాబట్టి దాటిపోతాయి, అటాచ్‌మెంట్ ప్యాకెట్లు నిండుగా ఉంటాయి కాబట్టి ఆగిపోతాయి.

వీపీఎన్ సెట్టింగుల్లో ఎంటీయూని 1280 చేసి చూడండి, ఆఫీసు లాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లని అడగండి. ఐపీవీ6 నడిచే ఏ దారైనా కనీసం 1280 మోయాల్సిందే, అందుకే టన్నెల్ లోపల ఐపీవీ6 నడవాలంటే అంతకంటే తగ్గించకూడదు. అటాచ్‌మెంట్ దిగిందా, ఇక అక్కడి నుంచి కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్లి ఎక్కడ ఆగుతుందో పట్టుకోవచ్చు.