అరబికాకు నీడ, రొబస్టాకు నీరు

మన దగ్గర ప్రధానంగా పండే కాఫీ రకాలు రెండు: అరబికా, రొబస్టా. వీటిలో రొబస్టా తక్కువ ఎత్తులోనూ పండుతుంది, తెగుళ్లు తక్కువ, కణుపుకు కాయలు ఎక్కువ. ఇవన్నీ నిజమే. అయితే అరబికా కష్టమైన పంట, రొబస్టా తేలిక పంట అనే అభిప్రాయం మాత్రం సగమే సరి. ఏ మొక్క ఇబ్బంది దానిది. దేనికి ఎప్పుడు ఏది కావాలో తెలిస్తే రెండూ కాస్తాయి.

తేడా పూతలోనే ఉంది. అరబికా పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టగలదు. రొబస్టాకు వేరే మొక్క పుప్పొడి గాలితోనో తేనెటీగలతోనో రావాలి. అందుకే ఒకే తల్లి మొక్క అంట్లతో రొబస్టా తోట మొత్తం నింపితే పూత విరగబూసినా కాయ నిలవదు. పూలు విచ్చిన రోజే జడివాన పడితే ఎక్కువ నష్టపోయేది కూడా రొబస్టానే.

పూత రావడానికి మాత్రం వాన కావాల్సిందే. రొబస్టాకు ఫిబ్రవరి–మార్చిలో, అరబికాకు మార్చి–ఏప్రిల్‌లో పూతవాన పడాలి. 25 నుంచి 40 మి.మీ. పడితే వారం పది రోజుల్లో తోట తెల్లబడుతుంది. చాలీచాలని జల్లు పడితే మొగ్గ సగం విచ్చి ఆగిపోతుంది. అరబికా మొగ్గ కొన్నాళ్లు ఓపిక పడుతుంది, రొబస్టా పట్టదు. కొడగు, వయనాడ్ ప్రాంతాల్లో రొబస్టా రైతులు వాన కోసం చూడకుండా స్ప్రింక్లర్లతో తడిపేది ఇందుకే. రొబస్టా పీచు వేళ్లు నేల పైపొరలోనే అల్లుకుంటాయి. మొక్క మొదలు దగ్గర లోతుగా తవ్వితే అవి తెగుతాయి, ఎండాకులు కప్పకపోతే వేసవికి వాడతాయి. నీటి వసతి లేని కొండవాలులో రొబస్టా వేయడం జూదమే.

అరబికాకు 1,000 నుంచి 1,500 మీటర్ల ఎత్తు, చల్లదనం, నీడ కావాలి. నీడ పలచబడితే వచ్చే మొదటి శత్రువు తెల్ల కాండం తొలిచే పురుగు. తల్లి పురుగు ఎండ తగిలే కాండాన్ని వెతుక్కుని బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోతుంది. పైకి కనిపించేది ఆకులు పసుపెక్కడం, కాండం మీద ఉబ్బెత్తు గీతలు. అప్పటికి మందు కొట్టి లాభం లేదు. పెద్ద పురుగులు ఏప్రిల్–మేలోనూ, అక్టోబరు–డిసెంబరులోనూ బయటికి వస్తాయి కాబట్టి ఆ లోపే అలాంటి మొక్కల్ని పీకి కాల్చేయాలి. మిగతా వాటి బెరడును కొబ్బరి పీచుతో రుద్ది నునుపు చేసి, 10 లీటర్ల నీటికి కిలో చొప్పున కలిపిన సున్నం పూయాలి. కత్తితో గీకితే బెరడుకు గాయమవుతుంది. రొబస్టాకు ఈ పురుగు బెడద దాదాపు ఉండదు.

పాడేరు, అరకు కొండల్లో 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరబికా సిల్వర్ ఓక్ నీడలో పెరుగుతోంది. ఆ చెట్టు త్వరగా ఎదుగుతుంది, మిరియాల పాదుకు ఊతమిస్తుంది. కానీ దాని నీడ పలచన. పనస లాంటి దట్టమైన చెట్లు మధ్యమధ్య ఉండటమే మేలు.

అరబికాకు రెండో గండం ఆకు తుప్పు తెగులు. 1869లో సిలోన్‌లో (నేటి శ్రీలంక) కనిపించి, అక్కడి కాఫీ తోటల్ని టీ తోటలుగా మార్చింది ఇదే. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపించేదాకా ఆగకుండా, తొలకరికి ముందే 0.5 శాతం బోర్డో మిశ్రమం కొట్టాలి. 200 లీటర్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. రెండింటినీ వేర్వేరు ప్లాస్టిక్ పీపాల్లో కరిగించి, తుత్తం నీటిని సున్నం నీటిలో పోయాలి. ఇనుప కత్తి ముంచితే ఎర్రటి పూత అంటిందంటే సున్నం చాలలేదు, ఇంకొంత కలపాలి. కలిపింది ఆ రోజే వాడాలి, ఆకు అడుగు తడవాలి. చాలామంది పైనుంచి కొట్టి పని అయిందనుకుంటారు.

కోతలోనూ తేడా ఉంది. అరబికా కాయ 8–9 నెలల్లో పండుతుంది, ఆలస్యమైతే రాలిపోతుంది. అందుకని పండినవి పండినట్టు మూడు నాలుగు సార్లు ఏరాలి. రొబస్టాకు 10–11 నెలలు పడుతుంది, పండు కొమ్మనే అంటిపెట్టుకుంటుంది. పండు తోలు ఒలిచే పల్పింగ్ కోసిన రోజే చేయాలి. తర్వాత గింజకు అంటిన జిగురు వదలడానికి అరబికాకు 24–36 గంటలు పులియబెడితే చాలు. రొబస్టా జిగురు మందం, 72 గంటలదాకా పట్టవచ్చు. అరబికాను కూడా అంతసేపు ఉంచితే గింజకు పులుపు వాసన పడుతుంది.

నేలరాలిన పండ్లను వదిలేస్తే రెండు రకాలకూ ముప్పే. కాయతొలుచు పురుగు వాటిలోనే పెరిగి తర్వాతి కాపు మీద పడుతుంది. 1990లో నీలగిరుల్లో కనిపించిన ఈ పురుగు 2025లో అరకు ప్రాంతానికీ చేరింది. కోత కాగానే రాలినవీ, కొమ్మల్లో మిగిలినవీ ఏరేయాలి. పురుగు పట్టిన కాయల్ని మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ముంచి, ఆ తర్వాతే కళ్లంలో ఆరబోయాలి.