కండక్టర్‌నిలో ఉన్న 'నేను'

కావలి బస్టాండులో ఒక పెద్దాయన ఖాకీ చొక్కా చూసి "డ్రైవర్ నువ్వేనా అబ్బాయా?" అన్నాడు. "కాదు, కండక్టర్ని" అన్నాడు అవతలి మనిషి. ఆ "కండక్టర్ని"లో క్రియ లేదు, 'నేను' అన్న మాటా లేదు. అయినా తన గురించే చెబుతున్నాడని అందరికీ తెలిసిపోయింది.

ఆ పని చేసింది చివరి 'ని'. "కండక్టర్ని అడుగు"లో ఉండే 'ని' వేరు, ఇది వేరు. ఇది మనిషిని పట్టిచ్చే గుర్తు. నువ్వయితే కండక్టరువి, మేమయితే కండక్టర్లం. 'ఆయన' దగ్గరకొచ్చేసరికి గుర్తే ఉండదు: ఆయన కండక్టరు, అంతే.

స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సినిమాల్లో క్లింగన్లని ఒక కల్పిత గ్రహాంతర జాతి ఉంది. వాళ్ల కోసం అమెరికా భాషాశాస్త్రవేత్త మార్క్ ఒక్రాండ్ క్లింగన్ అనే భాషను కల్పించాడు. దాని నిఘంటువు 1985లో వచ్చింది. అందులో 'యష్' అంటే ఆఫీసరు, 'జిఖ్' అంటే నేను. "యష్ జిఖ్" అంటే సరిగ్గా మన "ఆఫీసర్ని". "యష్ షొఖ్" అంటే "ఆఫీసరువి". ముందు పేరు, వెనక మనిషి. ఇంగ్లీషువాళ్లకు వింతగా తోచే ఈ వరస మనకు ఇంట్లో మాటలాగే ఉంటుంది. జామెన్‌హాఫ్ 1887లో ప్రకటించిన మరో కల్పిత భాష ఎస్పెరాంటోలో మాత్రం మధ్యలో 'ఎస్తస్' (ఇంగ్లీషు 'am', 'is' లాంటి క్రియ) పెట్టి తీరాలి. తెలుగువాడి నాలుక దాన్ని ఎగరగొట్టేస్తుంది.

క్లింగన్ మనకంటే ఒక అడుగు ముందుకెళ్లింది. 'ఆయన'కూ సర్వనామం పెట్టాల్సిందే. "ఆ ఖైదీలు పిల్లలు" అనడానికి వాళ్ల వరస "పిల్లలు వాళ్లు, ఆ ఖైదీలు". ఎక్కడున్నాడో చెప్పడానికీ అదే సర్వనామం. కొనసాగుతోందని తెలిపే 'తఖ్' దానికి తగిలిస్తే 'కమాండర్ తన గదిలో ఉన్నాడు' అయిపోతుంది. కాదనాలంటే 'బె' తగిలిస్తే చాలు.

మనకు అలా కుదరదు. ఫలానా అనడానికి క్రియ అక్కర్లేదు, ఫలానాచోట అనడానికి 'ఉండు' కావాలి. అందుకే "డాక్టరు కాదు" వేరు, "డాక్టరు లేడు" వేరు. ఆస్పత్రి గుమ్మంలో ఈ రెండూ తారుమారైతే ఎంత టెన్షనో!

మా నెల్లూరు వైపు "బస్సులో ఉండా" అంటాం. 'ఉన్నాను'లోని 'ను' అక్కడ రాలిపోయింది. ఇప్పుడు "నేను టీచర్" అంటూ పేరు చివర 'ని'నీ వదిలేసేవాళ్లు పెరుగుతున్నారు. తప్పనను కానీ, "టీచర్ని" అని విన్నప్పుడు నా చెవికి అందులో ఒక మనిషి వినిపిస్తాడు.