పక్కవాయిద్యమేగా అన్నావు కదా!

చిరంజీవులు మా మనవడికీ మనవరాలికీ, అమ్మమ్మ ఆశీస్సులు.

చిన్నోడు మృదంగం మానేస్తానంటున్నాడని మీ అమ్మ చెప్పింది. "ఎంత వాయించినా పక్కవాయిద్యమేగా, పేరంతా పాడినవాళ్లదే" అన్నావట. ఫోన్లో చెబితే రెండు నిమిషాల్లో తేలిపోయే మాట కాదిది, అందుకే రాస్తున్నాను. అక్క వయొలిన్ నేర్చుకుంటోంది కాబట్టి తనూ చదవాలి.

ఇరాన్‌లో తోంబక్ అనే వాయిద్యం ఉంది. ఒకే చెక్కను లోపల తొలిచి చేస్తారు. ఒకవైపు వెడల్పు, దాని కింద సన్నటి నడుము, చర్మం ఒక్క పక్కే. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని రెండు చేతుల వేళ్లతో వాయిస్తారు. నూరేళ్ల కిందట అక్కడి కచేరీల్లో తోంబక్ వాయించే మనిషికి పెద్ద మర్యాద ఉండేది కాదు. తాళం తప్పకుండా చూడటానికి ఒకరు కావాలి, అంతవరకే. ఆ పరిస్థితిని మార్చింది హుసేన్ తెహ్రానీ. ఆయన 1912లో పుట్టి 1974లో పోయారు.

ఆయన నేర్చుకున్నది ఎవరి దగ్గరో తెలుసా? హుసేన్ ఖాన్ ఇస్మాయిల్‌జాదే అనే కమాంచే విద్వాంసుడి దగ్గర. కమాంచే అంటే నేలమీద నిలబెట్టి కమానుతో వాయించే తీగల వాయిద్యం. తాళం వాయించేవాడు రాగం వాయించే గురువు దగ్గర కూర్చున్నాడన్నమాట. నాకు ఆయన కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. పాట ఎటు పోతోందో తెలియనివాడు దానికి తోడు నడవలేడు. తర్వాత అబుల్‌హసన్ సబా లాంటి పెద్దల పక్కన వాయించారు, సంగీత పాఠశాలలో పాఠాలు చెప్పారు, శిష్యులతో తోంబక్ బృందం కట్టారు, తోంబక్ నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకం తెచ్చారు.

ఆయన తోంబక్ మీద రైలును పలికించేవారు. నిలబడి ఉన్న ఇంజను బరువుగా కదలడం, వేగం అందుకోవడం, అంతా ఒక్క చర్మం మీదే! అది వింటే నువ్వు వెంటనే వేళ్లు ఎలా తిప్పారా అని చూస్తావు, నాకు తెలుసు. అరచేయి చర్మం మధ్యలో పడితే బరువైన నాదం, వేళ్లు అంచు మీద పడితే పొడి నాదం. పది వేళ్లూ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా దొర్లిస్తే 'రీజ్' అంటారు. ఎక్కడా దెబ్బ విడిగా వినిపించకూడదు, నాదం ఒకే ధారగా సాగాలి. చిటికె వేసినట్టు వేలిని బిగబట్టి వదిలితే 'పెలాంగ్'. ఇవన్నీ వచ్చినా, తాళం లేకుండా సాగే 'ఆవాజ్' భాగం మొదలైతే తోంబక్ ఆగిపోతుంది. మన రాగాలాపనలో మీ మాస్టారు మృదంగం మీద చేతులు పెట్టుకుని కూర్చోరూ? ఇదీ అంతే. ఆయన ఖాళీగా కూర్చున్నారనుకుంటున్నావేమో. ప్రతి సంగతీ వింటూనే ఉంటారు.

ఇక అక్కకి. అక్కడి తీగల వాయిద్యాలు చాలానే ఉన్నాయి. సంతూర్‌కి 72 తీగలు, సన్నటి కర్ర సుత్తులతో వాయిస్తారు. తార్‌కి మల్బరీ చెక్కతో చేసిన రెండు గిన్నెల ఒళ్లు, పైన గొర్రెపిల్ల చర్మం. సెతార్‌ని చూపుడువేలి గోటితో మీటుతారు. దాని గొంతు ఎంత చిన్నదంటే, పక్కగదిలో మిక్సీ ఆన్ చేస్తే ఇక వినపడదు. తార్, సెతార్‌ల మెట్లు మన వీణకు లాగా మైనంలో పాతుకుని ఉండవు. మెడకు చుట్టి కట్టిన పోగులవి, కాస్త జరుపుకోవచ్చు. అందుకే హార్మోనియంలో దొరకని స్వరాలు వాటిలో పలుకుతాయి.

ఏ వాయిద్యం పట్టుకున్నా అందరూ నేర్చుకునేది 'రదీఫ్'. చిన్న చిన్న రాగఖండాలు రెండు వందలకు పైగా ఉంటాయి. వాటిని ఏడు దస్త్‌గాహ్‌లు (పెద్ద రాగ కుటుంబాలు), ఐదు ఆవాజ్‌లుగా (వాటికి అనుబంధంగా ఉండే చిన్న కుటుంబాలు; తాళం లేని భాగానికీ ఇదే పేరు) కూర్చారు. ఈ కూర్పుల్లో ఎక్కువ పేరున్నది తార్, సెతార్ విద్వాంసుడు మీర్జా అబ్దుల్లాది (1843–1918). పాతకాలంలో దీన్ని కాగితం మీద పెట్టలేదు, గురువు వాయిస్తే శిష్యుడు విని పట్టుకోవాలి. అంతా కంఠస్థం అయ్యాక, కచేరీలో దాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పకూడదు. అప్పటికప్పుడు తనదిగా అల్లాలి. రదీఫ్‌ను 2009లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అది మన కాలందాకా చేరిందంటే నూర్ అలీ బొరూమంద్ లాంటివాళ్ల పుణ్యమే. ఆయన వైద్యం చదవడానికి జర్మనీ వెళ్లి అక్కడ చూపు పోగొట్టుకున్నారు. తిరిగొచ్చి, మీర్జా అబ్దుల్లా శిష్యుడైన ఇస్మాయిల్ కహ్రమానీ దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని రదీఫ్ మొత్తం చెవితోనే పట్టారు. టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో ఆయన పాఠం చెప్పినవాళ్లలో తర్వాత పెద్ద తార్ విద్వాంసులైన మహమ్మద్ రజా లుత్ఫీ, హుసేన్ అలీజాదే ఉన్నారు. మీర్జా అబ్దుల్లా కొడుకు అహ్మద్ ఇబాదీ సంగతి మరీ ముచ్చటైనది. తండ్రి పోయేనాటికి బాగా చిన్నవాడు. సెతార్ ఆయనకు నేర్పింది అక్కలు! ఇది చదివి మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోండి.

2003 డిసెంబరులో బమ్ ఊళ్లో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. బాధితుల కోసం కొన్ని వారాలకే టెహ్రాన్‌లో కచేరీ చేశారు. గానం మహమ్మద్ రజా షజరియాన్, తార్ అలీజాదే, కమాంచే కైహాన్ కల్హోర్. తోంబక్ వాయించింది ఎవరు? షజరియాన్ కొడుకు హుమాయూన్. తనూ గాయకుడే, తండ్రితో గొంతు కలుపుతూ తోంబక్ వాయించాడు. దేశమంతా చెవులప్పగించే గాయకుడి ఇంట్లో పిల్లాడికి చిన్నప్పుడే తోంబక్ పాఠం పెట్టారు. పక్కవాయిద్యం అని తక్కువగా చూస్తే అలా చేస్తారా నాన్నా?

ఎక్కడ మొదలుపెట్టాలంటారేమో. చిన్నోడు ముందు తెహ్రానీ రైలు విను. తర్వాత ఫరామర్జ్ పాయ్‌వర్ సంతూర్‌తో ఆయన కలిసి వాయించినవి విను. అక్కడ ఎవరు ఎవరి వెనకాల నడుస్తున్నారో నువ్వే చెప్పు. అక్క కల్హోర్ కమాంచే విను, ముఖ్యంగా మన సితార్ విద్వాంసుడు షుజాత్ హుసేన్ ఖాన్‌తో కలిసి 'గజల్' పేరుతో వాయించినవి. అందులో తబలా కూడా ఉంటుంది. మంద్రంలో మెల్లగా మొదలై పైకి వెళ్లి మళ్లీ కిందికి దిగుతుంది. మొదటి పది నిమిషాలు విసుగొస్తే రానివ్వండి, ముందుకు మాత్రం జరపొద్దు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్లో సెతార్ సగం పోతుంది.

మృదంగం మానాలో వద్దో ఇది విన్నాక నాతో చెప్పు. ఆదివారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉంటాను.

ప్రేమతో,
అమ్మమ్మ