చుండ్రు, తామర, పేనుకొరుకుడు: తల చర్మంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మాడు ఎండిపోవడం వల్లే చుండ్రు. నూనె బాగా పట్టిస్తే పోతుంది.

వాస్తవం: చాలామందిలో జరిగేది ఇందుకు విరుద్ధం. మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) అందరి మాడు మీదా ఉంటుంది. చర్మంలో ఊరే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డును అది విడగొట్టినప్పుడు ఒలియిక్ యాసిడ్ లాంటి కొవ్వు ఆమ్లాలు మిగులుతాయి. అవి పడనివాళ్లకు మాడు రేగి, దురద పుట్టి, పొట్టు రాలుతుంది. రాత్రి నూనె పెట్టుకుంటే పొట్టు తడిసి తలకు అంటుకుపోతుంది, అంతే. కనబడకపోయేసరికి తగ్గిందనుకుంటారు. నూనె మానలేకపోతే తలంటుకు గంట ముందు జుట్టు చివర్లకు రాసుకోండి, మాడుకు వద్దు. నిమ్మరసం అసలే వద్దు, గోకిన చోట మంటపెట్టి చర్మాన్ని ఇంకా రేపుతుంది.

అపోహ: కీటోకోనజోల్ (ఫంగస్‌ను అణిచే మందు) షాంపూ వాడాం, పనిచేయలేదు.

వాస్తవం: చాలావరకు లోపం వాడే తీరులోనే ఉంటుంది. నూనె ఉన్న తల మీదే షాంపూ పోసేస్తారు, నురగ రాగానే కడిగేస్తారు. ముందు మామూలు షాంపూతోనో కుంకుడుకాయతోనో జిడ్డు వదలగొట్టండి. తర్వాత 2 శాతం కీటోకోనజోల్ షాంపూ రెండు చెంచాలు తీసుకుని, పాయలు తీస్తూ వేలికొసలతో మాడుకే పట్టించండి. గోళ్లతో రుద్దొద్దు. గడియారం చూసి 5 నిమిషాలు ఉంచి కడగండి. ఇలా వారానికి రెండుసార్లు, 4 వారాలు. తగ్గాక పూర్తిగా ఆపేస్తే తిరగబెడుతుంది కాబట్టి వారానికో, రెండు వారాలకో ఒకసారి కొనసాగించాలి. చుండ్రు అదుపులో ఉండే సమస్య, ఒక్కసారితో తీరిపోయేది కాదు. కనుబొమలు, ముక్కు పక్కలు, చెవుల వెనక కూడా ఎర్రబారి జిడ్డు పొట్టు లేస్తుంటే షాంపూ ఒక్కటే చాలదు, చర్మవైద్యులకు చూపించుకోవాలి.

అపోహ: గుండు కొట్టిస్తే చుండ్రు పోతుంది.

వాస్తవం: పోదు. మందు రాయడం సులువవుతుంది, అంతవరకే.

అపోహ: పిల్లల తలలో పొట్టు లేచినా చుండ్రే.

వాస్తవం: ఈడేరని పిల్లల్లో ఒకచోట పొట్టు లేచి, అక్కడి వెంట్రుకలు మొదలంటా విరిగి నల్ల చుక్కల్లా మిగిలితే, మెడ వెనక బిళ్లలు కడితే, ముందు తలలో తామరను (ఫంగస్ వల్ల వచ్చే జబ్బును) అనుమానించాలి. ఆ ఫంగస్ వెంట్రుక లోపలికి దూరుతుంది, పైపూత అక్కడిదాకా చేరదు. గ్రిసియోఫుల్విన్ లేదా టెర్బినఫిన్ అనే ఫంగస్ మందు నోటి ద్వారా, బరువును బట్టి, కొన్ని వారాలపాటు వాడాలి. గ్రిసియోఫుల్విన్‌ను నెయ్యన్నమో పాలో తీసుకున్నాక వేస్తే ఒంటికి బాగా పడుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు ఎరుపును అణచి ఫంగస్‌ను పెంచుతాయి. మెత్తగా ఉబ్బి చీము కారితే గడ్డనుకుని కోయించకండి. మందు ఆలస్యమైతే ఆ చోట జుట్టు శాశ్వతంగా పోవచ్చు. ఇంట్లో తక్కిన పిల్లల తలలూ చూడండి, దువ్వెనలూ తువ్వాళ్లూ వేరుచేయండి.

అపోహ: పేనుకొరుకుడు పురుగు కొరకడం వల్ల వస్తుంది. గురివింద గింజ అరగదీసి రాస్తే జుట్టొస్తుంది.

వాస్తవం: పేనుకూ దీనికీ సంబంధం లేదు. మన రోగనిరోధక కణాలే వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల రూపాయి బిళ్లంత మేర నున్నగా రాలుతుంది. చిన్న మచ్చల్లో చాలావాటికి ఏడాదిలోపు దానంతటదే జుట్టొస్తుంది, ఆ పేరు గురివిందకు దక్కుతోంది. గురివిందలో ఉండే అబ్రిన్ ప్రాణాంతక విషం. గీరుకున్న చర్మం మీద దాన్ని రుద్దడం, అదీ పిల్లలకు, చాలా ప్రమాదం. పెద్దల్లో మచ్చలోకే ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు 4 నుంచి 6 వారాలకోసారి ఇస్తారు. పిల్లలకు పూత మందులతో మొదలుపెడతారు.

అపోహ: తలలో సొరియాసిస్ ఉన్నవాళ్ల దువ్వెన వాడితే అంటుకుంటుంది.

వాస్తవం: అంటదు. దళసరి వెండిరంగు పొలుసులు నుదుటి అంచు దాటి కనిపిస్తే మోచేతులు, మోకాళ్లు, గోళ్లపై గుంటలు కూడా చూసుకోండి. దువ్వెనతో పొలుసులు పీకితే గాయమైన చోటే జబ్బు ఇంకా పెరుగుతుంది. డాక్టరు రాసిన సాలిసిలిక్ యాసిడ్ పూతతో నానబెట్టి వదలగొట్టాలి. పొద్దున్నే వేళ్ల కీళ్లు బిగుసుకుంటుంటే అది కూడా చెప్పండి, చికిత్స మారుతుంది.