బుజ్జిపిల్లల్ని ఇంగ్లీషులో మెచ్చుకునేటప్పుడు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవులైన మన వీధి పిల్లలకు,

మామ్మ ఆశీస్సులు. స్కూలు వార్షికోత్సవంలో మూడో క్లాసు పిల్లల్ని మెచ్చుకుంటూ చదవబోయే మీ ఇంగ్లీషు స్పీచ్ అందింది. ప్రేమగా రాశారు. కొన్ని మాటలు మాత్రం మార్చాలి.

మొదటి వాక్యమే చూడండి: ‘యు వర్ టూ మచ్ ఎంథూజియాస్టిక్’. ‘చాలా’ అనుకుని ‘టూ’ వేశారు. ఇంగ్లీషులో ‘టూ’ అంటే మితిమీరిందని. మెచ్చుకోబోయి తప్పుపట్టినట్టవుతుంది. ‘సో ఎంథూజియాస్టిక్’ అంటే చాలు. ‘చైల్డిష్ ఎంథూజియాజం’ మాత్రం తప్పకుండా కొట్టేయండి. పసితనం అని ముద్దుగా రాసుంటారు గానీ, ఆ మాటలో కుర్రచేష్టలన్న ఎత్తిపొడుపు ఉంది. ఎనిమిదేళ్ల పాపకి తెలియకపోయినా పక్కనున్న వాళ్లమ్మకి చివుక్కుమంటుంది.

‘వుయ్ అప్రీషియేట్ ద చిల్డ్రన్ ఫర్ దెయిర్ ఎంథూజియాజం’ అని మన దగ్గర అందరూ అంటారు. ‘అప్రీషియేట్’ తర్వాత నేరుగా మెచ్చుకునే సంగతి వస్తేనే సహజంగా ఉంటుంది: ‘వుయ్ రియల్లీ అప్రీషియేట్ యువర్ ఎంథూజియాజం’. అయినా పిల్లలు ముందు వరసలోనే కూర్చునుంటే ‘ద చిల్డ్రన్’ అనడం ఎందుకు? వాళ్లతోనే మాట్లాడండి.

నాకు అన్నిటికన్నా లోటనిపించింది వేరు. పేజీ నిండా ‘ఎంథూజియాజం’, ‘జీల్’, ‘డెడికేషన్’ ఉన్నాయి గానీ, ఆ పిల్లలు ఏం చేశారో ఎక్కడా లేదు. జోడుగుళ్లపాలెం తీరం శుభ్రం చేసిన రోజు నేనూ ఉన్నాను కదా. ఇసకలో కూరుకుపోయిన నైలాన్ వల ముక్కని ఇద్దరు బుడతలు ఎంత లాగినా రాలేదు. మోకాళ్ల మీద కూర్చుని, చుట్టూ చేతులతో తవ్వి మరీ బయటికి తీశారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే ఒడ్డు అది. వలల్లో చిక్కుకుంటే వాటి ప్రాణాలే పోతాయి. ఇదిగో, ఇది చెప్పండి: ‘యు డగ్ దట్ నెట్ అవుట్ విత్ యువర్ బేర్ హాండ్స్. నోబడీ హాడ్ టు ఆస్క్ యు ట్వైస్.’ ఒళ్లు దాచుకోకుండా పనిలోకి దిగినవాళ్లని ‘యు త్రూ యువర్‌సెల్వ్స్ ఇంటు ఇట్’ అంటారు. ఇదీ ఒకచోట వాడండి, ఎంత బాగుంటుందో!

‘బ్రిలియంట్ కిడ్స్’ కూడా తీసేయమంటాను. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే పరిశోధకులు అమెరికాలో ఐదో క్లాసు పిల్లలతో చేసిన ప్రయోగాల ఫలితాలు 1998లో అచ్చయ్యాయి. ‘మీరు తెలివైనవాళ్లు’ అన్న పొగడ్త అందుకున్న పిల్లలు, ఆ తర్వాత కఠినమైన ప్రశ్నలు తగిలేసరికి డీలా పడ్డారు. ‘బాగా కష్టపడ్డారు’ అన్న మెప్పు అందుకున్నవాళ్లు పట్టు వదల్లేదు. మన బుడతలు కష్టపడ్డారు. ఆ మాటే అనండి.

‘ఎంథూజియాజం’లో ‘థూ’ దగ్గర ఒత్తి పలకాలి. మైకు ముందు టెన్షన్‌లో నోరు తిరగదనిపిస్తే ‘ఎనర్జీ’ అనేయండి, అదీ చక్కటి మాటే. మార్చిన కాగితం తీసుకుని శనివారం సాయంత్రం ఇంటికి రండి, పైకి చదివి చూద్దాం.

మీ మామ్మ